లూయీ వికా

లూయీ వికా (1786 మార్చి 31 - 1861 ఏప్రిల్ 10) ఫ్రాన్సు దేశానికి చెందిన సివిల్ ఇంజనీరు. నీటిలో సైతం గట్టిపడే సున్నాన్ని కృత్రిమంగా తయారు చేయవచ్చునని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. సిమెంటు గట్టిపడే కాలాన్ని కొలిచే వికా సూది ఇతడు రూపొందించినదే. మన ఇంజనీరింగు కళాశాలల్లో దీనిని వికాట్ పరికరం అని వ్యవహరిస్తారు.

బాల్యం, విద్యాభ్యాసం

వికా 1786లో ఫ్రాన్సులోని నెవేర్ పట్టణంలో జన్మించాడు. 1804లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరాడు. అనంతరం వంతెనలు, రహదారుల ఇంజనీర్లకు శిక్షణనిచ్చే ప్రభుత్వ విద్యాలయంలో చదివి ప్రభుత్వ ఇంజనీరుగా ఉద్యోగ జీవితం ప్రారంభించాడు.

సుయాక్ వంతెన

1812లో దోర్దోన్యు నదిపై సుయాక్ వద్ద వంతెన నిర్మించే బాధ్యత వికాకు అప్పగించారు. ప్రవాహ వేగం ఎక్కువగా ఉండే ఆ నదిలో పునాదులు వేయడం కష్టసాధ్యమైన పని. సాధారణ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి నెమ్మదిగా గట్టిపడుతుంది. నీటి అడుగున గాలి అందదు కనుక అక్కడ అది మెత్తగానే ఉండిపోతుంది. నెపోలియన్ యుద్ధాల కారణంగా వంతెనకు నిధులు సకాలంలో అందలేదు. ఆ విరామ కాలాన్ని వికా సున్నంపై ప్రయోగాలకు వినియోగించుకున్నాడు. వంతెన 1824లో పూర్తయింది. ప్రస్తుతం అది వికా పేరుతోనే ఉన్నది.

పరిశోధనలు

ప్రాచీన రోమనులు నేపుల్స్ సమీపంలోని పొజ్జువోలి ప్రాంతపు అగ్నిపర్వత బూడిదను సున్నంలో కలిపి నీటిలో నిలిచే కట్టడాలు నిర్మించారు. ఆ ఊరి పేరుమీదనే ఇటువంటి ఖనిజ సంకలితాలకు పొజ్జొలానాలు అనే పేరు వచ్చింది. మన దేశంలో గానుగ సున్నంలో ఇటుకపొడి కలపడం వెనుక ఉన్న సూత్రమూ ఇదే. బంకమట్టి కలిసిన సున్నపురాయి నుండి వచ్చే సున్నం నీటిలో గట్టిపడుతుందని ఆంగ్ల ఇంజనీరు జాన్ స్మీటన్ 1756లో గమనించాడు.

స్మీటన్ ప్రకృతిలో గమనించిన దానిని వికా తన చేతులతో తయారు చేసి చూపించాడు. శుద్ధమైన సున్నంలో తగిన పాళ్ళలో బంకమట్టి కలిపి, ముద్దచేసి, బట్టీలో కాల్చి, నీటిలో గట్టిపడే సున్నాన్ని సాధించాడు. బంకమట్టిలోని సిలికా, అల్యూమినాలు సున్నంతో సంయోగం చెందడమే దీనికి కారణం. ఈ పరిశోధనలను 1818లో గ్రంథరూపంలో ప్రకటించాడు. నేటి పోర్ట్‌లాండ్ సిమెంటు ఇంతకంటే చాలా ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద, సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వద్ద తయారవుతుంది. అయినప్పటికీ సున్నపురాయిని, బంకమట్టిని కొలత ప్రకారం కలిపి కాల్చడమనే మూలసూత్రం అదే.

వికా గ్రంథాన్ని మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ జె.టి. స్మిత్ ఆంగ్లంలోకి అనువదించగా 1837లో లండన్‌లో ప్రచురితమైంది. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.

పేటెంటు తీసుకోకపోవడం

వికా తన ఆవిష్కరణకు పేటెంటు తీసుకోలేదు. తయారీ విధానాన్ని ఎవరైనా ఉపయోగించుకునేలా బహిరంగపరచాడు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. కాలక్రమంలో లోకవ్యవహారంలో స్థిరపడినది ఆ పేరే. వికా మాత్రం ఆదాయాన్ని ఆశించక ఫ్రాన్సు అంతటా పర్యటించి, నీటిలో గట్టిపడే సున్నానికి అనువైన రాళ్ళు లభించే చోట్లను గుర్తించాడు. దీనివలన ప్రభుత్వ నిర్మాణాల ఖర్చు గణనీయంగా తగ్గింది. ఇందుకు కృతజ్ఞతగా 1845లో ఫ్రాన్సు ప్రభుత్వం అతనికి జాతీయ పురస్కారంగా పింఛను మంజూరు చేసింది.

వికా సూది

వికా సూది పరికరంలో కదిలే భాగం బరువు 300 గ్రాములు. సూది కొన వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు. నీరు కలిపిన క్షణం నుండి, సూది అచ్చు అడుగుకు సుమారు 5 మిల్లీమీటర్ల ఎత్తులో ఆగిపోయే వరకు పట్టే సమయమే తొలి గట్టిపాటు కాలం. భారతీయ ప్రమాణాల ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇది 30 నిమిషాలకు తగ్గరాదు.

చివరి దశ

సముద్రపు నీటిలో కట్టడాలు శిథిలం కావడానికి గల రసాయనిక కారణాలను వికా వృద్ధాప్యంలో పరిశోధించి, 1857లో ఒక గ్రంథం వెలువరించాడు. 1861లో గ్రెనోబుల్ నగరంలో మరణించాడు. ఈఫిల్ గోపురంపై చెక్కిన 72 మంది ప్రముఖుల పేర్లలో ఇతని పేరు ఒకటి.

కుమారుడు జోసెఫ్ వికా 1853లో స్థాపించిన సిమెంటు సంస్థ నేడు అనేక దేశాలకు విస్తరించింది. ఈ సంస్థ 2010లో కడప జిల్లాలోని భారతి సిమెంటులో 51 శాతం వాటా కొనుగోలు చేసింది.

నేటి ప్రాసంగికత

సిలికాన్, ఫెర్రోసిలికాన్ కొలిమిల పొగ నుండి సేకరించే సిలికా ఫ్యూమ్ అనే అతిసూక్ష్మ ధూళిని కాంక్రీటులో వాడే ప్రయోగాలు 1950లలో నార్వేలో మొదలయ్యాయి. దీని రేణువులు సిమెంటు రేణువులకంటే సుమారు వంద రెట్లు చిన్నవి. సిమెంటు గట్టిపడేటప్పుడు మిగిలే సున్నంతో ఈ సిలికా కలిసి, రంధ్రాలను పూడ్చి, కాంక్రీటుకు బలాన్నీ, ఉప్పునీటిని తట్టుకునే శక్తినీ ఇస్తుంది. సుయాక్ నదీతీరంలో వికా వెతికిన సున్నం, సిలికాల సంబంధమే దీనికీ ఆధారం.