శ్రీమతి భండారు అచ్చమాంబగారు

మేము విద్యార్థులచే నమరకోశము వల్లింపించునపుడు, స్త్రీపర్యాయపదములలో మూడవదిగా అబల యను పేరు వచ్చెడిది. బలము లేనిది యని యర్థము చెప్పి ముందునకు సాగెడివారము. తరగతిలోని బాలికలు తలవంచుకొని, ఆ పేరు తమదేయన్నట్లు వ్రాసికొనెడివారు. అప్పుడు మాకు తోపలేదు గాని, ఆ పదమునే గ్రంథనామమున నిలిపి, గ్రంథమంతటను దానిని త్రోసిపుచ్చిన విదుషీమణి మన తెలుగునాట నుండెను.

అచ్చమాంబగారు 1874వ సంవత్సరమున, నాటి కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారి కీమె యక్క. బాల్యముననే పితృవియోగము, బాల్యముననే వివాహము. కాపురము మధ్యపరగణాలలో. బడికి పోయినవారు కారు. తమ్ముడు తమ యింట నుండి చదువుకొనుచుండగా, ఆయనతోపాటు తామును తెలుగు, హిందీ నేర్చిరి. కన్నబిడ్డలు చిన్ననాటనే గతించిరి. ఆ కాలమున బిడ్డలు లేని యిల్లాలిని లోక మెట్లు చూచెడిదో, ఆ చూపునుబట్టి యామె తన్ను తా నెట్లు తలచుకొనెడిదో పెద్దలకు తెలియనిది కాదు. అచ్చమాంబగారు మాత్రము మూల కూర్చుండక గంటము పట్టిరి.

1901లో వెలువడిన అబలాసచ్చరిత్రరత్నమాలకు వారు ముందుగా నెన్నుకొన్నది పురాణస్త్రీలను గాదు, చరిత్రకెక్కిన భారతస్త్రీలను. సీతాసావిత్రుల మాట చెప్పినచో, వారు దేవతలు, మేమెంత యని మన యాడువా రనుట కలదు. చరిత్రస్త్రీల విషయమున నట్లు తప్పించుకొన వీలులేదు. ఇది మా యూహ. స్త్రీలు స్వభావముచే దుర్బలలనియు, మందబుద్ధులనియు, చదివిన చెడుదురనియు చెప్పువారి వాదములను పీఠికలో ఖండించిరి. అన్యులాడిన నిందకంటె, తరతరములు విని విని స్త్రీలే దానిని నమ్ముట యెక్కువ కీడని మేము తలంతుము.

1902లో వ్రాసిన ధనత్రయోదశి కథ, గురజాడవారి దిద్దుబాటుకంటె ఎనిమిదేండ్లు ముందుది. అందు భార్య ముచ్చట తీర్పనెంచి పేదభర్త యజమానుని ధనము దొంగిలించును; ఆ యిల్లాలే యతని నా పాపమునుండి మరల్చును. ఇందు బలహీను లెవ్వరో చదువరులే చెప్పవలెను. ఆ యేడే మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి బృందావన స్త్రీసమాజమును నెలకొల్పిరి.

వేదపురాణస్త్రీలకును, పరదేశస్త్రీలకును వేఱుభాగములు సంకల్పించిరి. అవి ముగియకమునుపే, 1905లో, ముప్పదియొకటవ యేట పరమపదించిరి. మఱుసటి యేడు తమ్ముడు విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి.