ముండాల భూమికి అండగా నిలిచిన ఫాదర్ హాఫ్‌మన్



మన సభల్లో, మన సావనీరుల్లో కొమరం భీం, బిర్సా ముండా వంటి వీరులను ఏటేటా తలచుకుంటూనే ఉంటాం. వారిని తలచుకోవడం మన ధర్మం. ఈసారి మేము వేరే దారిలో నడిచిన ఒకరి గురించి రాయాలనుకున్నాం. ఆయన గిరిజనుడు కాదు, భారతీయుడూ కాదు. జర్మనీ నుంచి వచ్చిన కాథలిక్ గురువు, ఫాదర్ జాన్ బాప్టిస్ట్ హాఫ్‌మన్. బిర్సా అనుచరులు దాడి చేసిన మిషన్‌లోనే ఆయన ఉండేవారు. అలాంటి మనిషిని మనం ఎందుకు తలచుకోవాలి అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. జవాబు ఆయన జీవితంలోనే ఉంది.

ఆనాటి ఛోటానాగపూర్

నేటి జార్ఖండ్‌లోని రాంచీ, ఖుంటీ ప్రాంతాలను అప్పట్లో ఛోటానాగపూర్ అనేవారు. ముండాలు, ఉరావ్‌లు అక్కడి ఆదివాసులు. అడవిని నరికి, రాళ్లు ఏరి, నేలను సాగులోకి తెచ్చిన తొలి కుటుంబాల వారసులకే ఆ ఊరి భూమి మీద హక్కు. ముండాలు దీన్ని ఖూంట్‌కట్టి అంటారు. ఇందుకు కాగితాలు లేవు. ఊరి పక్కన పూర్వీకుల అస్థికల మీద పరిచిన పెద్ద రాతి పలకలే సాక్ష్యం. వాటిని శాసన్‌దిరి అంటారు. తాత ముత్తాతలు ఏ నేలలో ఉన్నారో ఆ నేల మనది అన్నదే వారి లెక్క.

అక్కడి రాజు తన బంధువులకూ, కొలువుకు వచ్చిన బయటివారికీ ఊళ్లకు ఊళ్లు రాసిచ్చాడు. అలా వచ్చిన జమీందార్లు, ఠేకేదార్లు కౌలు పెంచారు, కూలి లేకుండా చాకిరీ చేయించుకున్నారు. ఆ వెట్టిని బేగారి అనేవారు. 1831-32లో కోల్ తిరుగుబాటు వచ్చినా ఈ బాధ తీరలేదు. కోర్టుకు వెళ్దామంటే అక్కడి భాష రాదు, కాగితం చదవడం రాదు. ఎదుటివాడి చేతిలో రశీదు ఉంటుంది, ముండా చేతిలో రాయి ఉంటుంది. కోర్టు నమ్మేది రశీదునే.

ముందు నడిచిన లీవెన్స్

హాఫ్‌మన్ కంటే ముందు ఇదే ప్రాంతంలో ఫాదర్ కాన్‌స్టంట్ లీవెన్స్ పనిచేశారు. ఆయనది బెల్జియం. 1885లో రాంచీ ప్రాంతానికి వచ్చి తోర్పాలో మకాం పెట్టారు. ప్రజల అసలు కష్టం భూమి తగాదాలేనని త్వరలోనే గ్రహించి కౌలు చట్టాలు చదివారు. ఎవరు ఎంత కట్టాలి, ఏది కట్టనక్కర్లేదు, రశీదు ఎందుకు అడగాలి, కేసు ఎలా నడపాలి అన్నది ఊరూరా తిరిగి చెప్పారు. వేల మంది చర్చిలో చేరారు. న్యాయం దొరుకుతుందన్న ఆశతో చేరినవారు వారిలో చాలామంది ఉన్నారన్నది చరిత్రకారులందరూ ఒప్పుకునే మాటే. ఏడేళ్ల విశ్రాంతి లేని పని ఆయనను క్షయకు అప్పగించింది. 1893లో, 37 ఏళ్లకే, స్వదేశంలో కన్నుమూశారు.

కేసులు గెలిచినా ఊళ్లకు నిశ్చింత దొరకలేదు. ఈ ఏడు ఒక కేసు గెలిస్తే మరుసటి ఏడు ఇంకోటి వచ్చేది. చట్టంలోనే ముండాల పద్ధతికి చోటు లేనప్పుడు ఎన్ని కేసులని నడుపుతారు? ఈ ప్రశ్న హాఫ్‌మన్ ముందుకు వచ్చింది.

భాషతో మొదలు

హాఫ్‌మన్ 1857లో జర్మనీలోని ట్రియర్ ప్రాంతంలో వాలెన్‌డార్ఫ్ అనే పల్లెలో పుట్టారు. ఇరవై ఏళ్ల వయసులో ఏసు సభలో చేరి, బెల్జియం గురువులు నడిపే బెంగాల్ మిషన్‌కు వచ్చారు. 1891లో గురువుగా అభిషేకం పొంది, తరువాత ఛోటానాగపూర్ చేరారు. ఎక్కువ కాలం ఉన్నది సర్వదా అనే ముండా ఊళ్లో.

వచ్చిన కొత్తలో ఆయన చేసిన మొదటి పని ముండారీ నేర్చుకోవడం. మాట్లాడటం వస్తే చాలని ఊరుకోలేదు. పెళ్లి ఎలా జరుగుతుంది, పొలం ఎలా పంచుకుంటారు, పంచాయితీలో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏ చెట్టుకు ఏ పేరు అన్నవన్నీ అడిగి రాసుకున్నారు. 1903లో ఆయన ముండారీ వ్యాకరణం అచ్చయింది. ఈ పనిలో ఆయన పక్కన ముండాలే ఉన్నారు. మేనస్ ఒడెయా అనే ముండా రచయిత చేసిన సాయం అందులో పెద్దది. మన ఆదిలాబాద్ గోండుల గురించి రాసిన హైమన్‌డార్ఫ్ గారిని మీరు విని ఉంటారు. ఆయన కంటే సుమారు యాభై ఏళ్ల ముందే హాఫ్‌మన్ ముండాల మధ్య ఇలాంటి పని చేశారు.

బాణాల రాత్రి

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. బిర్సా ముండా చిన్నప్పుడు మిషన్ బడిలో చదివి, బయటికి వచ్చి, తన ప్రజలను సొంత దారిలో నడిపించారు. దొరలూ, జమీందార్లూ, మిషనరీలూ అందరూ పరాయివారేనన్నది ఆయన మాట. 1899 డిసెంబర్ 24న, క్రిస్మస్ ముందు రాత్రి, ఉల్‌గులాన్ రగిలింది. సర్వదా మిషన్ మీద కూడా దాడి జరిగింది. హాఫ్‌మన్‌తో ఉన్న ఫాదర్ కార్బరీకి బాణం తగిలింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. 1900 ఫిబ్రవరిలో బిర్సా పట్టుబడ్డారు. జూన్ 9న రాంచీ జైలులో మరణించారు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు.

హాఫ్‌మన్ ఆ ఉద్యమాన్ని సమర్థించలేదు, గట్టిగా వ్యతిరేకించారు. ఆయన ప్రభుత్వం వైపు నిలిచారని ముండాల్లో నేటికీ బాధపడేవారున్నారు. ఆ బాధ న్యాయమైనదే. అయితే బాణాలు పడ్డ తరువాత ఆయన ఏం చేశారన్నది కూడా చూడాలి. ప్రాణభయంతో ఆ ఊరు వదిలి వెళ్లిపోవచ్చు. ముండాల మీద కోపం పెంచుకోవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు. భూమి పోవడమే ఈ మంటకు మూలమని అధికారులకు చెప్పే పనిలో పడ్డారు.

కాగితం మీదికి ఎక్కిన హక్కు

1902లో రాంచీ జిల్లాలో భూముల సర్వే మొదలైంది. ఏ ఊరు ఎవరిది, ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసుకునే పని అది. ముండాల పద్ధతి తెలియని అధికారి రాస్తే ఆ ఒక్క రాతతోనే ఊరు పోతుంది. హాఫ్‌మన్ తనకు తెలిసినదంతా ఇక్కడ ఉపయోగించారు. లిస్టర్ అనే అధికారితో కలిసి ముండాల భూమి పద్ధతి మీద వివరమైన పత్రం రాశారు. ఖూంట్‌కట్టి అంటే ఏమిటో సర్కారుకు అర్థమయ్యే భాషలో అందులో ఉంది.

1908లో ఛోటానాగపూర్ కౌలు చట్టం వచ్చింది. ముండా ఖూంట్‌కట్టి హక్కును అది గుర్తించింది, ఆదివాసుల భూమి బయటివారి చేతుల్లోకి పోకుండా కట్టడి పెట్టింది. ఈ చట్టం వెనుక హాఫ్‌మన్ కలం ఉంది, బిర్సా రక్తమూ ఉంది. ఉల్‌గులాన్ భయపెట్టకపోతే సర్కారు కదిలేది కాదు. కదిలిన సర్కారుకు ముండాల న్యాయం తెలిసినవారు దారి చూపకపోతే చట్టం ఆ రూపంలో వచ్చేది కాదు. ఆ చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. 2016లో దాన్ని సడలించే బిల్లు వచ్చినప్పుడు జార్ఖండ్ ఆదివాసులు రోడ్డెక్కారు. అప్పటి గవర్నర్ ద్రౌపది ముర్ము గారు 2017లో దాన్ని వెనక్కి పంపారు.

అప్పు అనే చెద

చట్టం వచ్చింది కదా అని హాఫ్‌మన్ కూర్చోలేదు. భూమిని కాగితం కాపాడుతుంది, కానీ ఇంట్లో గింజలు నిండుకున్న రోజు ఆ కాగితం అన్నం పెట్టదు. నాట్ల కాలానికి విత్తనం ఉండదు. ఎద్దు చచ్చిపోతుంది. పెళ్లో, జబ్బో వస్తుంది. అప్పుడు షావుకారు గడప తొక్కాలి. ఒక పుట్టి తీసుకుంటే పంట రాగానే ఒకటిన్నర పుట్టి కొలవాలి. మన పెద్దలు నాగు అనేది ఈ లెక్కనే. ఒక ఏడు వాన తప్పితే ఆ అప్పు ఇక తీరదు. చివరికి పొలం పోతుంది.

హాఫ్‌మన్ పుట్టిన దేశంలో రైఫైజెన్ అనే ఆయన పేద రైతుల కోసం పరపతి సంఘాలు పెట్టి విజయం సాధించారు. ఒకరినొకరు ఎరిగిన ఊరివాళ్లే సభ్యులు. తలా కొంచెం వేస్తారు. అవసరమైన వారికి తక్కువ వడ్డీకి ఇస్తారు. ఒకరికి ఇచ్చిన అప్పుకు మిగతావారూ బాధ్యులు కాబట్టి అది ఎందుకు, ఎలా ఖర్చవుతుందో అందరూ కనిపెట్టుకుని ఉంటారు. మన దేశంలో 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. దాని ఆసరాతో 1909లో హాఫ్‌మన్ రాంచీ కేంద్రంగా ఛోటానాగపూర్ కాథలిక్ సహకార పరపతి సంఘాన్ని స్థాపించారు.

విచారణల్లోని చర్చి ఊళ్లే దాని శాఖలకు ఆధారం. ప్రార్థనకు వచ్చే మనుషులే డబ్బు విషయంలోనూ ఒకరికొకరు హామీ. చర్చి దానం చేసి పంపలేదు. దానం తిన్నవాడు మళ్లీ చేయి చాచాలి. అప్పు తీర్చినవాడు తల ఎత్తి నడుస్తాడు. ఈ తేడా హాఫ్‌మన్‌కు బాగా తెలుసు. 1913లో సహకార దుకాణం కూడా వచ్చింది. సభ్యత్వం కాథలిక్కులకే పరిమితం కావడం ఈ సంఘంలోని లోటు. మిగతా ముండాలు, ఉరావ్‌లు దాని బయటే ఉండిపోయారు.

ఆడపిల్లలూ ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లోనే, 1897లో, రాంచీలో మేరీ బెర్నదెత్ అనే ఉరావ్ యువతి మరి ముగ్గురు ఆదివాసీ యువతులతో కలిసి సెయింట్ ఆన్ కన్యల సభను మొదలుపెట్టారు. బడుల్లో, వైద్యసేవలో పనిచేసింది వీరే. బయటి నుంచి వచ్చినవారి పేర్లే పుస్తకాల్లో ముందుంటాయి, కానీ ఊళ్లలో పని నిలబెట్టింది మనవాళ్లే.

వెళ్లిపోయిన తరువాత

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్లంతా బ్రిటిష్ వారికి శత్రువులయ్యారు. 1915లో హాఫ్‌మన్‌ను దేశం నుంచి పంపించేశారు. ముప్పై ఏళ్లకు పైగా బతికిన నేలకు ఆయన మళ్లీ రాలేదు. జర్మనీలో కూర్చుని ముండాల మాటలు, ఆచారాలు, పాటలు, పంటలు అన్నిటినీ చేర్చి ముండారీ విజ్ఞాన సర్వస్వం రాస్తూ గడిపారు. అది అచ్చులో చూడకుండానే 1928లో ట్రియర్‌లో మరణించారు. ఫాదర్ వాన్ ఎమెలెన్ సాయంతో సిద్ధమైన ఆ గ్రంథం 1930 నుంచి పాట్నాలో సంపుటాలుగా వెలువడింది. ఆయన పెట్టిన పరపతి సంఘం ఆయన లేకుండానే వందేళ్లు దాటి నడిచింది.

మనకు ఏమిటి?

మన ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, జి.సి.సి. ఉంది, మన అమ్మల డ్వాక్రా సంఘాలున్నాయి. ఛోటానాగపూర్‌లో ప్రాణాలు పోయిన తరువాత వచ్చినలాంటివే మనకు పుట్టేసరికే ఉన్నాయి. అయినా మా హాస్టల్లో ఒక సంగతి మేము చూస్తూనే ఉన్నాం. బాగా చదివే పిల్ల పండుగ సెలవులకు వెళ్లి తిరిగి రాదు. ఎందుకని వెళ్లి కనుక్కుంటే, విత్తనాలకూ ఎరువులకూ దుకాణంలో తెచ్చిన అప్పు, దానికింద మాట మీద వదిలేసిన పొలం, కూలికి వెళ్లాల్సిన పిల్ల. చట్టం ఉంది, కానీ ఆ ఇంట్లో ఎవరూ దాన్ని చదవలేదు.

అందుకే మేము పెద్ద తరగతుల పిల్లలకు ఒక పని అప్పగించాం. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు పాసుపుస్తకం తీసి అమ్మానాన్నలకు చదివి వినిపించాలి. ఇంట్లో ఎవరికి ఎంత బాకీ, ఏ లెక్కన పెరుగుతోందో ఒక కాగితం మీద రాయాలి. మొదటిసారి పదకొండు మంది రాసుకొచ్చారు. ఒక పాప కాగితం చూసి వాళ్ల నాన్న చాలాసేపు మాట్లాడలేదట. తరువాత సంఘం అప్పు గురించి అడిగారట.

హాఫ్‌మన్ ముండాల భాష నేర్చుకోవడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. మీకు మీ భాష ముందే వచ్చు, చదువూ వచ్చింది. ఊరి బాధ తెలిసి, చట్టం చదివి, లెక్క రాసే మనిషి కోసం అప్పుడు సముద్రం దాటి ఒకరు రావలసి వచ్చింది. మన ఊళ్లకు ఆ మనిషి మీరే కావచ్చు. ముందు మీ ఇంటి పాసుపుస్తకంతో మొదలుపెట్టండి.