బంతాట గురువు రహీం సాబ్

మన దేశానికి ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో రెండుసార్లు స్వర్ణ పతకం వచ్చింది. ఆ రెండుసార్లూ జట్టును తీర్చిదిద్దినవారు హైదరాబాద్‌కు చెందిన ఒక బడిపంతులు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాబ్.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించిన రహీం, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆ జట్టు తరఫున ఆడి పేరు తెచ్చుకున్నారు. డిగ్రీ పూర్తయ్యాక నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేవరకు ఆ బాధ్యత ఆయనదే.

ఆ రోజుల్లో బంతి దొరికినవాడు దాన్ని వదలకుండా ఒక్కడే నలుగురిని తప్పించుకుపోవడం గొప్ప అనుకునేవారు. రహీం దీన్ని మాన్పించారు. బంతి అందిన వెంటనే తోటివాడికి అందించాలన్నది ఆయన పాఠం. ఇందుకోసం బంతిని కాలితో తిప్పుకుంటూ పోరాదన్న షరతుతో కుర్రవాళ్లకు పోటీలు పెట్టారు. వాటం లేని కాలితోనే తన్నాలన్న షరతుతో మరికొన్ని పోటీలు నడిపారు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన పేద కుర్రవాడు తులసీదాస్ బలరామ్‌కు శిక్షణకు వచ్చే దారి లేకపోతే, అద్దె సైకిలు ఖర్చు తానే ఇచ్చి రప్పించారు. బలరామ్ తరువాత దేశం మెచ్చిన ఆటగాడయ్యాడు.

రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం పొందింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. అప్పుడు మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే కావడం విశేషం.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ పట్టుకుంది. అయినా జట్టు వెంట వెళ్లారు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి ఎదురైంది. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో అదే కొరియా ఎదురైంది. ప్రేక్షకులంతా మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నా పి.కె.బెనర్జీ, జర్నైల్ చెరొక గోల్ చేశారు. భారత్ 2-1తో గెలిచింది.

ఆ తరువాత ఏడాదైనా నిండకముందే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆయన వయసు 53 ఏళ్లు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ మనకు దక్కలేదు. ఆయన జీవితంపై మైదాన్ అనే హిందీ సినిమా 2024లో గాని రాలేదు. పల్లె బడుల్లో బంతి తన్నే పిల్లలకు పంతుళ్లు చెప్పదగిన కథ ఇది.