పరమాణువుల అల్లికకు లెక్క కట్టిన సూరి భగవంతం గారు

 

సి.వి. రామన్ గారి పేరు మనందరికీ తెలుసు. ఆయన దగ్గర పనిచేసిన మన తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం గారి గురించి ఈసారి రాస్తున్నాను.

భగవంతం గారు 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో డిగ్రీ చదివారు. 1928లో కలకత్తా వెళ్లి రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఫలితం కనుక్కున్నది ఆ ఏడే. కాంతి కణానికి స్పిన్ అనే గుణం ఉంటుందని వీరిద్దరూ 1931లో ప్రయోగం చేసి చూపించారు. 1932లో భగవంతం గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు.

ఆయన స్ఫటికాల మీద చాలా పని చేశారు. ఉప్పు పలుకు కూడా స్ఫటికమే. దానిలో పరమాణువులు ఒక పద్ధతిలో వరసగా ఉంటాయి. స్ఫటికాన్ని నొక్కితే ఎంత ముడుచుకుంటుందో, లాగితే ఎంత సాగుతుందో చెప్పాలంటే, వరసలో ఏ పోలికా లేని స్ఫటికానికి 21 కొలతలు కావాలి. ఉప్పుకైతే 3 చాలు. పోలిక ఎంత ఉంటే లెక్క అంత తగ్గుతుంది. ఇట్లాంటి లెక్కలకు గ్రూపు సిద్ధాంతం అనే గణితాన్ని ఎట్లా వాడాలో ఆయన, వెంకటరాయుడు గారు కలిసి 1948లో పుస్తకం రాశారు. తర్వాత అయస్కాంత గుణమున్న స్ఫటికాలకు కూడా భగవంతం గారు ఆ పద్ధతిని వాడారు.

అది మా అమ్మ అల్లే గంపతో చెప్తాను. మాది నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో ఒక చెంచు పెంట. అమ్మ బడికి పోలేదు. వెదురు బద్దను ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి పోనిచ్చి అల్లుతుంది. కొన్ని స్ఫటికాలలో ఒక్కో పరమాణువు ఒక చిన్న అయస్కాంతం. అవి కూడా అట్లనే ఒకటి పైకి, పక్కది కిందికి చూస్తాయి. ఒకదాని బలం ఇంకొకటి కొట్టేస్తుంది. అందుకే ఆ స్ఫటికం మేకును లాగదు.

భగవంతం గారు 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా, తర్వాత బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టర్‌గా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. 1989లో కన్నుమూశారు.

ఆయన పోయాక కూడా ఆ పని ఆగలేదు. 2017లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు లేజర్ కాంతితో గళ్లు చేశారు. మైనస్ 273 డిగ్రీల దగ్గరిదాకా చల్లబరచిన లిథియం పరమాణువులను గడికొకటి చొప్పున నిలిపారు. అవి కూడా ఒకటి పైకి, పక్కది కిందికి అనే వరసలోనే నిలిచాయి. సూక్ష్మదర్శినితో ఒక్కొక్కదాన్ని చూశారు.

సైన్సు మనలాంటోళ్లకు కాదని, పది అయితే చాలని మనకు చెప్పేవాళ్లు ఉన్నారు. పద్ధతి తప్పితే గంప నిలవదని మా అమ్మకు తెలుసు. ఆ పద్ధతిని లెక్కలో రాయడం మనం నేర్చుకోవాలి. నేను పదితో ఆపను, ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుంటాను. మీరు కూడా ఆపకండి.

– 9వ తరగతి విద్యార్థిని