దత్తమండలములలో సర్ తామస్ మన్రో

నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము చదివినప్పుడెల్ల మాకు పన్ను సంగతియే ముందుగా తోచును. రాజు విధించిన పన్ను చెల్లించుటకై యెరూషలేము జనులు పొలములమీద అప్పులు చేసిరి. అధికారియైన నెహెమ్యా తనకు రావలసిన భత్యమును మానుకొనగలిగెను గాని, పన్ను మాత్రము రాజుదే. మన తెలుగు నేలమీద అట్టి యిరుకున నిలిచిన యొక పరదేశిని ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

తామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో పట్టణములో ఒక వర్తకుని యింట పుట్టెను. తండ్రి వ్యాపారము చెడగా, 1780లో కంపెనీ సైన్యములో చేరి చెన్నపట్టణమునకు వచ్చెను. హైదరాలీతోను టిప్పు సుల్తానుతోను జరిగిన యుద్ధములలో పనిచేసి, 1792 మొదలు బారామహల్ సీమలో రీడు దొరవద్ద శిస్తుపని నేర్చుకొనెను.

1800లో నిజాము తన యొద్దనుంచిన కంపెనీ సైన్యపు ఖర్చుక్రింద కడప, అనంతపురము, బళ్లారి ప్రాంతములను, కర్నూలు సీమలో కొంత భాగమును కంపెనీకి ఇచ్చివేసెను. వీటినే దత్తమండలములనిరి, రాయలసీమ యను పేరు 1928లో వచ్చినది. మన్రో అక్కడ ప్రధాన కలెక్టరుగా 1807 వరకు ఉండెను. ఆ నేలలో ఎనుబదిమందివరకు పాళెగాండ్రుండిరి. ఆయన సైన్యబలముతో వారిని అణచెను. కొందరిని వెళ్లగొట్టెను, కొందరికి భరణమిచ్చెను. ఆ గాయము త్వరగా మానలేదు. పాళెగాండ్ర వంశీకుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగబడగా, 1847లో కోవెలకుంట్లలో అతని నురిదీసిరి.

మన్రో ఏడేండ్లలో ఎక్కువకాలము డేరాలలోనే గడపెను. 1802 మొదలు 33 అడుగుల గొలుసుతో ఊరూర పొలములు కొలిపించి, చేనుచేనుకు శిస్తు కట్టించెను. బంగాళములో కారన్‌వాలిస్ జమీందారులను నడుమ నిలిపెను. మన్రో నడుమ నెవరిని ఉంచక రైతు పేరనే పట్టా ఇప్పించెను. రైతు చేను ఉంచుకొనవచ్చును, విడువవచ్చును. వినుటకిది మేలుగానే యున్నది. అయితే కంపెనీ కోరిన శిస్తు హెచ్చు. పట్టాతోబాటు ఆ బరువును రైతు నెత్తిమీదనే పడెను. ఇది మన్రో ఎరుగనిది కాదు. 1807లో సెలవుమీద స్వదేశమునకు వెళ్లుటకు ముందు శిస్తులో నాలుగవ వంతు తగ్గింపుమని పైవారికి వ్రాసెను. పైవారు వినలేదు. ఆయన వెళ్లగనే ఊళ్లను మూడేండ్లకు, తరువాత పదేండ్లకు గుత్తకిచ్చిరి. గుత్తదారులు అనేకులు చెడిరి.

1814లో ఆయన మరల వచ్చెను. 1816 నాటి శాసనములవలన పోలీసు, మేజిస్ట్రేటు అధికారములు జడ్జీ చేతినుండి కలెక్టరు చేతికి వచ్చెను. పన్ను అడుగువాడే శిక్షించువాడును కావలెనా యని మేము సందేహింతుము. జనులకు ఒకే గుమ్మముండిన మేలని ఆయన వాదము. ఆ గుమ్మమే నేటి కలెక్టరు కచేరి. గ్రామ మునసబు, కరణముల పదవులు ఆంధ్రప్రదేశ్‌లో 1984 వరకు సాగినవి.

1820లో గవర్నరైన పిమ్మటనే ఆ నాలుగవ వంతు తగ్గింపు సాగినది. రైతు పదమూడేండ్లు ఎదురుచూడవలసి వచ్చెను.

1822లో బళ్లారిలో ఒక సబ్‌కలెక్టరు తన హోదాలో నుండియే మతబోధకు దిగగా, మన్రో అడ్డుపడెను. మన చదువరులలో కొందరికి ఇది నొప్పి కలిగింపవచ్చును. శిస్తు వసూలు చేయు చేతినుండి సువార్త కరపత్రము అందుకొన్నవాడు దానిని ఆజ్ఞయనుకొనడా? మాకు మన్రో పక్షమే సరియని తోచుచున్నది. అదే యేట బడుల లెక్క తీయింపగా, రాజధాని యంతటను 12,498 వీధిబడులున్నట్లు తేలెను. పెద్ద యుద్యోగములకు ఈ దేశస్థులను దూరముగా ఉంచుట వారిని హీనపరచుటయేయనియు, వారు తమ్మును తాము ఏలుకొనగల కాలము రావలెననియు 1824లో వ్రాసెను. అయినను పెద్ద పదవులు దొరలవద్దనే నిలిచినవి.

ఆయన కట్టిన యేర్పాటు ఆయన కంటె మొరటువారి చేతులలో పడెను. శిస్తు రాబట్టుటకు కచేరి నౌకరులు రైతులను హింసించుచుండిరని 1855లో చెన్నపట్టణపు విచారణ సంఘమే తేల్చినది. దత్తమండలములలోనో, పిల్లలకు మన్రోలప్పయని పేరు పెట్టుకొన్నారని చెప్పుదురు. మేము ఈ రెండు సంగతులను కలిపియే చెప్పవలసియున్నది.

1827లో పదవి విడిచి వెళ్లనుండగా, తన పాత జిల్లాలను మరియొకసారి చూడగోరి బయలుదేరెను. జూలై 6న పత్తికొండలో కలరా సోకి, ఆ దినమే చనిపోయెను. గుత్తిలో పాతిపెట్టిరి, 1831లో అస్థికలను చెన్నపట్టణము కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు తెచ్చిరి. పత్తికొండలో ఆయన పేర ఒక బావి త్రవ్వించి, తోపు వేయించిరి.