శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ

ముస్లిం వైద్యుల పేర్లు చెప్పమంటే మనలో చాలామందికి ఇబ్నె సీనా పేరు చప్పున గుర్తొస్తుంది. కత్తి పట్టి చికిత్స చేసిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ పేరు అంతగా వినబడదు. యూరప్ వైద్యులు మాత్రం ఆయన్ని అల్బుకాసిస్ అని పిలుచుకుంటూ శతాబ్దాలపాటు ఆయన గ్రంథాన్ని చదువుకున్నారు.

ఆయన అందలూస్ (నేటి స్పెయిన్)కు చెందినవారు. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936 ప్రాంతంలో ఖుర్తుబా (కార్డోబా) పొలిమేరలో మదీనతుజ్జహ్రా నగర నిర్మాణం ప్రారంభించాడు. ఆ నగరం పేరే ఆయన పేరులో నిలిచింది. 1010 ప్రాంతంలో అంతర్యుద్ధంలో నగరం పాడైపోయింది. 1013 ప్రాంతంలో ఆయన కన్నుమూశారు. తన అనుభవాన్నంతా ‘అత్తస్రీఫ్’ అనే 30 భాగాల గ్రంథంలో పొందుపరిచారు. చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్స గురించే. అందులో దాదాపు 200 పరికరాల బొమ్మలున్నాయి. 12వ శతాబ్దంలో క్రెమోనాకు చెందిన జెరార్డ్ తొలేదోలో ఆ భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు.

శరీర నిర్మాణం తెలియనివాడు కత్తి పట్టడం ఆయనకు బొత్తిగా గిట్టదు. ఒక వైద్యుడు ఒక స్త్రీ మెడ మీది గడ్డను కోయబోయి రక్తనాళాలు తెంచేశాడనీ, ఆమె అతని కళ్ళెదుటే ప్రాణం విడిచిందనీ ఆయన రాశారు.

ఇక తలకు తగిలిన దెబ్బ సంగతి. ఆయన ముందు చూసేది ఎముకను కాదు, మనిషిని. వాంతులు, మూర్ఛ, మాట పడిపోవడం, మతి తప్పడం, తీవ్రమైన జ్వరం ఉంటే ఆ రోగి బతకడం కష్టమని గ్రహించి, చేయి పెట్టవద్దంటారు. అంటే లోపల మెదడు ఎలా ఉందో పైలక్షణాల ద్వారానే అంచనా కట్టారన్నమాట! స్కానింగ్ లేని రోజుల్లో వేరే దారేముంది? ఆశ ఉన్న రోగికి మాత్రం ఆలస్యం కూడదన్నారు. విరిగిన ఎముక చుట్టూ బరమాతో రంధ్రాలు వేసి, ఆ ముక్కను మెల్లగా తీయాలి. బరమా జారితే మెదడు పొర చిరుగుతుంది. అందుకే మొనకు కాస్త పైన ఉబ్బెత్తు పట్టీ ఉన్న బరమాలు చేయించాలన్నారు. పుర్రె మందం దాటగానే ఆ పట్టీ అడ్డుపడుతుంది. పుర్రెలన్నీ ఒకే మందం ఉండవు కనుక రకరకాల కొలతల్లో అవి దగ్గరుండాలి. మాకు ఆయన గొప్పతనమంతా ఈ చిన్న పట్టీలోనే కనిపిస్తుంది.

ఆయన వివరించిన పని ఎముక తీయడం వరకే. ఈనాడు మెదడు వాచినప్పుడు పుర్రెలో కొంత భాగం తీసి, వాపు తగ్గాక అదే ఎముకనో టైటానియం పలకనో అమరుస్తున్నారు. ఇది కేవలం తల ఆకారం కోసం కాదు. ఎముక లేనిచోట చర్మం లోపలికి కుంగి, బయటి గాలి ఒత్తిడి మెదడు మీద పడుతుంది. రక్తప్రసరణ, మెదడు చుట్టూ ఉండే ద్రవం కదలిక దెబ్బతింటాయి. దానితో కొందరికి తలనొప్పి, తల తిరగడం, చేయీ కాలూ బలహీనపడడం, మాట తడబడడం కనిపిస్తాయి. ఇంట్లోవాళ్ళు ఇదంతా పాత దెబ్బ ఫలితమేనని ఊరుకుంటారు. నిజానికి అలాంటివారిలో కొందరు పుర్రె అమర్చిన కొద్ది రోజులకే తేరుకుంటారు. మరికొందరికి నెలలు పడుతుంది. మెదడు మొదటే బాగా దెబ్బతిన్నవారిలో పెద్ద మార్పు రాకపోవచ్చు కూడా.