పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ – ఆయన చేసిన హెచ్చరిక

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పేరు వినగానే మనకు పెన్సిలిన్ జ్ఞప్తికి వస్తుంది. ఆ దివ్యౌషధం ఏ విధంగా నిష్ఫలం కాగలదో లోకానికి ముందుగా చెప్పినవాడు కూడా ఆయనే అన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

ఫ్లెమింగ్ 1881 ఆగస్టు 6న స్కాట్లండులోని డార్వెల్ సమీపాన ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఏడేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయాడు. లండన్ చేరి నాలుగేళ్లు ఓడల కంపెనీలో గుమాస్తాగా పనిచేశాడు. బంధువొకరు విడిచిపోయిన కొద్దిపాటి ఆస్తి చేతికి రాగా సెయింట్ మేరీస్ వైద్య కళాశాలలో ప్రవేశించాడు. 1928 సెప్టెంబరులో ఆయన గాజుపళ్లెంలో బూజు పడడం, దాని చుట్టూ స్టాఫిలోకాకస్ క్రిములు నశించడం అందరూ ఎరిగిన కథే. ఆ బూజురసాన్ని శుద్ధిచేసి రోగులకు అందించిన ఘనత ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులైన ఫ్లోరీ, చెయిన్, వారి సహచరులది. 1945లో నోబెల్ బహుమతిని ఆ ముగ్గురూ పంచుకొన్నారు.

ఆ డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో చేసిన ఉపన్యాసంలో ఫ్లెమింగ్ తన విజయాన్ని వర్ణించి ఊరుకోలేదు. పెన్సిలిన్‌ను ఎవరైనా అంగడిలో కొనుక్కొనే కాలం రావచ్చునని భయపడి, ఒక కల్పిత గృహస్థుని ఉదాహరణగా చూపాడు. అతనికి గొంతునొప్పి. తానే మందు కొని చాలీచాలనంతగా వాడాడు. చావక మిగిలిన క్రిములు మందుకు లొంగనివయ్యాయి. అవి భార్యకు సోకి న్యుమోనియా వచ్చింది. వైద్యుడిచ్చిన పెన్సిలిన్ పనిచేయలేదు, ఆమె మరణించింది. ఆ మరణానికి బాధ్యుడెవరని ఆయన సభను అడిగాడు. వైద్యుని చీటీ లేకుండా రెండు మాత్రలు కొనుక్కొనే అలవాటు మన ఊళ్లలోనూ ఉన్నదే కదా!

క్రిములు పాఠం నేర్చుకొన్నట్లు ఆయన చెప్పినా, నిజానికి జరిగేది వేరు. కోట్లాది క్రిములలో ఏ కొన్నిటికో పెన్సిలిన్‌ను ఛేదించే ఎంజైము ముందే ఉంటుంది. బలహీనమైనవి చావగా ఇవి మిగిలి వృద్ధి పొందుతాయి. అంతేకాదు, ఆ శక్తినిచ్చే జన్యువును పొరుగు క్రిములకు పంచిపెట్టగలవు కూడా. విచిత్రమేమంటే, గొంతునొప్పి కలిగించే స్ట్రెప్టోకాకస్ క్రిమి నేటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉన్నది. ఎదురు తిరిగింది ఆయన గాజుపళ్లెంలో నశించిన స్టాఫిలోకాకస్ జాతియే.

అందుకు కాలమేమీ పట్టలేదు. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ పరీక్షించిన స్టాఫిలోకాకస్ క్రిములలో 1948 నాటికి సగానికి పైగా పెన్సిలిన్‌ను ధిక్కరించాయి. ఫ్లెమింగ్ దానిని కళ్లారా చూశాడు. 1955 మార్చి 11న ఆయన మరణించాడు. అటువంటి క్రిములకోసమే 1959లో మెథిసిలిన్ అనే కొత్త మందు వచ్చింది. రెండేళ్లు తిరగకుండానే, 1961లో, దానికీ లొంగని స్టాఫిలోకాకస్ బ్రిటన్‌లోనే బయటపడింది.